తుంటి పట్టేసినప్పుడు: సాగదీయాల్సింది ఏది, వదిలేయాల్సింది ఏది

నేల మీద మఠం వేసుకుని గంటసేపు హాయిగా కూర్చోగలిగిన మనిషిని బోర్లా పడుకోబెట్టి, మోకాలు మడిచి మడమను పిరుదు దాకా తీసుకెళ్లమంటే చాలాసార్లు సగంలోనే ఆగిపోతుంది. తొడ ముందు భాగం పట్టేస్తుంది, నడుము దానంతట అదే పైకి లేస్తుంది. ఇంత సులువుగా కూర్చోగలిగే వాళ్లకు తుంటి బిగుతేమిటన్న అనుమానం సహజంగానే వస్తుంది. తుంటి కీలు గిన్నెలో బంతి కూర్చున్నట్టు ఉంటుంది. ముందుకు, వెనక్కి, పక్కలకు, లోపలికి, బయటికి అన్ని వైపులా తిరుగుతుంది. ఒక దిక్కున బాగా కదిలినంత మాత్రాన ఇంకో దిక్కున కూడా కదులుతుందని చెప్పలేం. మఠం వేసుకున్నప్పుడు తొడ ముందుకు మడుచుకుని బయటికి తిరుగుతుంది. బోర్లా పడుకుని చేసే పరీక్షలో తొడ వెనక్కి సాగాలి. ఆ రెండింటికీ కావాల్సిన కండరాలు వేరు.

‘తుంటి బిగుసుకుపోయింది, కండరాలను వదులు చేస్తే కటి తన చోటికి వస్తుంది, నడుం నొప్పి పోతుంది’ అన్న మాట ఇప్పుడు యోగా తరగతుల్లో, జిమ్ముల్లో, ఫోన్‌లో వచ్చే చిన్న చిన్న వీడియోల్లో బాగా వినబడుతోంది. కటి అంటే నడుముకు కింద, రెండు తుంటి కీళ్లనూ పట్టి ఉంచే ఎముకల చట్రం. ఆ మాటలో నిజం ఉంది. అయితే ఆ నిజం కొంత దూరం వరకే వస్తుంది. ఎక్కడి వరకు వస్తుందో తెలియక నెలల తరబడి తప్పు కండరాన్ని సాగదీస్తున్నవాళ్లు, లేని వంకరను సరిచేయించుకుంటున్నవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల శ్రమ వృథా కాకూడదంటే అసలు లోపల ఏం జరుగుతుందో ముందు చూడాలి.

గిలక మీది చేంతాడు

తుంటి ముందు వైపు అసలు బలం ఇలియోసోయాస్ అనే జంట కండరానిది. అందులో ఒకటైన సోయాస్, ఛాతీ భాగంలోని చివరి పూస దగ్గర మొదలై నడుములోని ఐదు పూసలనూ పట్టుకుంటూ కిందికి దిగుతుంది. రెండోదైన ఇలియాకస్ కటి ఎముక లోపలి గుంటంతా పరుచుకుని ఉంటుంది. రెండూ కలిసి కటి ముందు అంచు మీదుగా, బావి గిలక మీద చేంతాడు వంగినట్టు వంగి, తొడ ఎముక లోపలి వైపున్న చిన్న బొడిపెకు అతుక్కుంటాయి. వెన్నెముకను నేరుగా కాలికి కలిపే పెద్ద కండరం ఇదే. తొడను పైకి ఎత్తడం దీని ప్రధానమైన పని. తిరుమలకు అలిపిరి దారిలో నడిచి వెళ్లేవాళ్లు 3,550 మెట్లు ఎక్కుతారు. ప్రతి మెట్టుకూ ఒక కాలిని పైకి లేపేది ఎక్కువగా ఈ కండరమే.

దీనికి తోడు తొడ ముందు నిలువుగా దిగే రెక్టస్ ఫెమోరిస్ ఉంది. ఇది తుంటినీ మోకాలినీ రెండింటినీ దాటుతుంది. అందుకే మోకాలు మడిచి, తొడను వెనక్కి లాగినప్పుడు దీని బిగుతు బయటపడుతుంది. మొదట చెప్పిన పరీక్షలో నడుమును పైకి లేపేది ఇదే.

కుర్చీలో కూర్చుంటే ఈ కండరాలు రెండు కొసలూ దగ్గరై, పొట్టిగా, పని లేకుండా ఉంటాయి. హైదరాబాద్ ఐటీ ఉద్యోగి ఇంటి నుంచి ఆఫీసుకు క్యాబ్‌లో కూర్చుని, ఆఫీసులో ఎనిమిది గంటలు కూర్చుని, తిరిగి క్యాబ్‌లో కూర్చుని వచ్చి సోఫాలో కూర్చుంటాడు. ఆ రోజు మొత్తంలో తొడ శరీరానికి వెనక్కి వెళ్లిన సందర్భాలు చాలా తక్కువ. ఎక్కువసేపు కూర్చుని, తక్కువ కదిలేవాళ్లలో తొడ వెనక్కి వెళ్లే పరిధి తక్కువగా ఉంటుందని కొలిచి చూసినవాళ్లూ ఉన్నారు.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. ‘మన పెద్దవాళ్లు నేల మీద కూర్చునేవాళ్లు, అందుకే వాళ్లకు తుంటి పట్టేసేది కాదు’ అంటారు. మఠం, బాసింపట్టు, సక్లంముక్లం, ఏ ఊళ్లో ఏ పేరుతో పిలిచినా ఆ కూర్చోవడంలో కూడా తొడ ముందుకు మడుచుకునే ఉంటుంది. గొంతుక్కూర్చుంటే మరీ ఎక్కువగా మడుచుకుంటుంది. వరి నాట్లు వేసేటప్పుడు వంగడమూ ముందుకే. అంటే తొడ వెనక్కి వెళ్లే కదలికను నేల మీది కూర్చోవడం కాపాడలేదు. దాన్ని కాపాడింది నడక. నడిచేటప్పుడు వెనక పాదం నేలను వదిలే ముందు, ఆ వైపు తుంటి కీలు సుమారు 10 డిగ్రీలు వెనక్కి సాగుతుంది. పొలానికీ బావికీ సంతకూ రోజూ మైళ్లు నడిచిన కాళ్లకు ఆ 10 డిగ్రీలు వేల సార్లు దొరికేవి. మామూలు జీవితంలో తొడను వెనక్కి పంపే పని నడక తప్ప మరొకటి పెద్దగా లేదు.

నేల మీద కూర్చోవడం వల్ల వచ్చే లాభం వేరే రకంది. టాంజానియాలో వేట, సేకరణలతో బతికే హడ్జా ప్రజలపై 2020లో వచ్చిన అధ్యయనం ప్రకారం వాళ్లూ రోజుకు దాదాపు 10 గంటలు కదలకుండానే విశ్రాంతిగా ఉంటారు. కానీ గొంతుక్కూర్చోవడం, మోకాళ్ల మీద కూర్చోవడం వంటి భంగిమల్లో ఉన్నప్పుడు కాళ్ల కండరాలు కుర్చీలో ఉన్నప్పటి కన్నా ఎక్కువ పని చేస్తుంటాయి. మన ఇళ్లలో నేల మీద కూర్చోవడానికీ, చేతి ఆసరా లేకుండా లేవడానికీ కూడా అదే వర్తిస్తుంది. మడత, బయటికి తిరగడం, లేచే బలం, ఈ మూడూ దాని వల్ల నిలుస్తాయి. కాబట్టి ఆఫీసు కుర్చీ మానేసి నేల మీద కూర్చుని ల్యాప్‌టాప్ వాడినంత మాత్రాన తుంటి ముందు భాగం సాగదు.

కటి ముందుకు వాలడం జబ్బా?

సోయాస్ నడుము పూసలను పట్టుకుని ఉంది కాబట్టి అది పొట్టిదైతే కటిని ముందుకు లాగాలి. చేటను ముందుకు వంచి బియ్యం జార్చినట్టు కటి ముందు అంచు కిందికి దిగి, వెనక నడుము వంపు పెరగాలి. పిరుదులు వెనక్కి పొడుచుకొచ్చి, పొట్ట ముందుకు రావాలి. చెక్ వైద్యుడు వ్లాదిమిర్ యాండా ఈ ఆలోచనకు ఒక రూపం ఇచ్చాడు. తుంటి ముందు కండరాలు, నడుము వెనక కండరాలు బిగుసుకుంటాయి, పొట్ట కండరాలు, పిరుదుల కండరాలు బలహీనపడతాయి, ఈ రెండు జతలూ అడ్డంగా ఒకదాన్నొకటి దాటుకుంటాయి అని చెప్పాడు. చిన్న వయసులోనే పోలియో బారిన పడిన ఆయన మనిషి కదలికలను ఎంతో శ్రద్ధగా గమనించాడు. ఆయన చెప్పింది ఫిజియోథెరపీని మార్చేసింది. ఇవాళ్టి వీడియోల్లో చాలావాటికి మూలం కూడా అదే.

తర్వాత కొలతలు తీసినప్పుడు కథ అంత సూటిగా నిలబడలేదు. 2011లో బ్రిటన్‌లో ఏ నొప్పీ లేని 120 మందిని కొలిస్తే మగవాళ్లలో 85 శాతం, ఆడవాళ్లలో 75 శాతం మందికి కటి ముందుకు వాలే ఉంది. అంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అత్యధికుల కటి నిలబడే తీరే అది. ఫోన్‌లో పక్క నుంచి ఫొటో తీసుకుని, ‘నా కటి ముందుకు వాలింది’ అని టెన్షన్ పడేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సిన విషయం ఇది.

ఇంకో అధ్యయనం మరింత లోతుకు వెళ్లింది. 2008లో పరిశోధకులు 30 మృతదేహాల కటి ఎముకలను ఒకే స్థితిలో అమర్చి, వాలును కొలవడానికి మామూలుగా వాడే ముందు, వెనక ఎముక గుర్తుల మధ్య కోణాన్ని చూశారు. ఆ కోణం 0 నుంచి 23 డిగ్రీల దాకా తేడా చూపింది. లాగడానికి అక్కడ కండరమే లేదు. తేడా అంతా ఎముక పుట్టుకలో ఉంది. బయటి నుంచి వేలితో తడిమి కటి ఎంత వాలిందో చెప్పే మాటను ఎంత జాగ్రత్తగా తీసుకోవాలో దీన్ని బట్టి తెలుస్తుంది. తొడ వెనక్కి ఎంత వెళ్తుందో, నిలబడినప్పుడు కటి ఎంత వాలుతుందో పక్కపక్కన పెట్టి 1990లోనే చూశారు. వాటి మధ్య చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. నడుం నొప్పి ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ పోల్చిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్షలో నడుము వంపులో తేడా కనబడలేదు. నొప్పి ఉన్నవాళ్ల నడుము తక్కువగా, నెమ్మదిగా కదులుతోంది, అంతే.

మరి బిగుతుకూ కటికీ సంబంధమే లేదా? ఉంది, కానీ అది నిలబడ్డప్పుడు కన్నా కదిలేటప్పుడు బయటపడుతుంది. వెనక కాలు వెనక్కి సాగాల్సిన క్షణంలో తుంటి కీలు సహకరించకపోతే శరీరం ఆ లోటును నడుము దగ్గర పూడ్చుకుంటుంది. కటి ముందుకు వంగుతుంది, నడుము విరుచుకుంటుంది, అడుగు చిన్నదవుతుంది. వేగంగా నడిచేటప్పుడు, పరుగెత్తేటప్పుడు, ఎత్తు మీది అరలో డబ్బా అందుకునేటప్పుడు నడుము పట్టేసినట్టు అనిపించేవాళ్లలో ఇది చూడదగ్గ కారణం. అద్దం ముందు నిటారుగా నిలబడితే ఇది దొరకదు.

కటి ‘జారింది’, ‘పక్కకు తిరిగింది’, ‘ఒక కాలు పొట్టిదైంది’ అన్న మాటలది ఇంకో కథ. కటికీ, వెన్నెముక అడుగున ఉండే త్రికం అనే ఎముకకూ మధ్య ఉన్న కీలు శరీరంలో అతి గట్టి స్నాయువులతో బిగించి ఉంటుంది. ఎముకల్లో చిన్న లోహపు గుండ్లు పెట్టి ఎక్స్‌రేలతో కొలిచినప్పుడు అది సగటున 2.5 డిగ్రీలు మాత్రమే తిరిగింది, జరగడం ఒక మిల్లీమీటరు లోపే. చేత్తో సర్దిన తర్వాత అదే పద్ధతిలో మళ్లీ కొలిస్తే ఎముక స్థానం మారలేదు. ఉపశమనం అబద్ధం కాదు. చెయ్యి పడ్డాక నొప్పి తగ్గవచ్చు, కండరం వదులవ్వవచ్చు. ఎముక చోటు మారడం వల్ల ఆ ఉపశమనం రాలేదు. కాళ్ల పొడవు విషయానికొస్తే, పదిమందిలో తొమ్మిదిమందికి ఎంతో కొంత తేడా ఉంటుంది, సగటున 5 మిల్లీమీటర్లు. అంత తేడాతో మనుషులు జీవితమంతా నడుస్తారు. ‘మీ కటి వంకరగా ఉంది’ అన్న ఒక్క మాటతో బరువు ఎత్తడానికీ వంగడానికీ భయపడిపోయినవాళ్ల విషయంలో, ఆ మాట చేసిన హాని బిగుతు చేసిన హాని కన్నా పెద్దది.

బిగుతు అనిపించడం, బిగుతు ఉండడం

పట్టేసినట్టు అనిపించిందంటే కండరం పొట్టిదైనట్టే అని అనుకుంటాం. 2017లో వచ్చిన ఒక ప్రయోగం ఆ నమ్మకాన్ని కదిపింది. దీర్ఘకాలంగా నడుం నొప్పితో, నడుము బిగుసుకుపోయిందని చెప్పేవాళ్ల వెన్నును యంత్రంతో నొక్కి గట్టిదనాన్ని కొలిచారు. వాళ్లు చెప్పిన బిగుతుకూ యంత్రం కొలిచిన గట్టిదనానికీ పొంతన లేదు. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, నొక్కేటప్పుడు కిర్రుమనే తలుపు చప్పుడు లాంటి శబ్దాలు వినిపిస్తే ఆ నొక్కుడును వాళ్లు గ్రహించే తీరు మారిపోయింది. బిగుతు అన్న భావన కండరంలో పుట్టిన కొలత కాదనీ, ఆ భాగాన్ని కాపాడుకోవాలని మెదడు ఇచ్చే హెచ్చరిక అనీ ఆ పరిశోధకులు అర్థం చెప్పారు.

సాగదీతకూ ఇది వర్తిస్తుంది. కొన్ని వారాల పాటు సాగదీస్తే కీలు కదిలే పరిధి పెరుగుతుంది, అందులో సందేహం లేదు. ఎలా పెరుగుతోందని వెతికితే చాలా అధ్యయనాల్లో కండరం పొడవు పెరగలేదు, స్వభావమూ మారలేదు. అదే లాగుడును మనిషి ఇంతకు ముందు కన్నా ఎక్కువ దూరం ఓర్చుకోగలుగుతున్నాడు. పిక్క కండరంపై ఆరు వారాలు చేయించిన అధ్యయనంలో కూడా పరిధి పెరిగింది, కండరం, స్నాయువుల నిర్మాణం మాత్రం అలాగే ఉంది. నాడీ వ్యవస్థ ‘ఇంత దూరం వెళ్లినా ప్రమాదం లేదు’ అని నేర్చుకుంటుందన్నమాట. పక్షవాతం, వెన్నుపాము గాయాల తర్వాత కీళ్లు ముడుచుకుపోయినవాళ్లకు చేయించే సాగదీతను, వైద్య అధ్యయనాలను కలిపి చూసే కాక్రేన్ సంస్థ సమీక్ష పరిశీలించినప్పుడు చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. నిజంగా పొట్టిదైపోయిన కణజాలం అంత తేలిగ్గా సాగదు.

దీన్ని నిరాశగా తీసుకోనక్కర్లేదు. కండరం నిర్మాణం మారకుండానే పరిధి పెరగగలిగితే మార్పు త్వరగా రావచ్చు. బలవంతంగా, కళ్ల నీళ్లు తిరిగేలా లాగాల్సిన పని కూడా లేదు. నొప్పితో చేసే సాగదీత మెదడుకు ‘ఇక్కడ ప్రమాదం ఉంది’ అనే పాఠాన్నే మళ్లీ నేర్పుతుంది.

బిగుతుకు ఇంకో కారణం బలహీనత. నిలబడి ఒక మోకాలిని నడుము కన్నా ఎత్తుకు లేపి, చేతి సాయం లేకుండా పది సెకన్లు ఆపలేనివాళ్లు ఉన్నారు. వాళ్లలో చాలామంది తుంటి ముందు భాగం ఎప్పుడూ బిగుసుకునే ఉంటుందని చెబుతారు. అలసిపోయిన కండరం కూడా బిగుసుకున్నట్టే అనిపిస్తుంది. అలాంటివాళ్లు రోజూ సాగదీస్తూ పోతే కాసేపు ఊరట దొరుకుతుంది, గంటకల్లా మళ్లీ మొదటికి వస్తుంది. ఏడాదిగా సాగదీస్తున్నా తేడా రానివాళ్లు ముందుగా ఈ బలం పరీక్ష చేసుకోవాలి.

మంచం అంచున చేసే పరీక్ష

1870లలో లివర్‌పూల్‌లో పనిచేసిన వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్, క్షయ వల్ల తుంటి ముడుచుకుపోయిన రోగులను గుర్తించడానికి ఒక పరీక్ష చెప్పాడు. దాని మార్చిన రూపాన్ని ఇవాళ ఫిజియోథెరపిస్టులు తొడ ముందు కండరాలకు వాడుతున్నారు. గట్టి మంచం లేదా బల్ల అంచున కూర్చుని వెనక్కి పడుకోవాలి. రెండు మోకాళ్లనూ ఛాతీకి హత్తుకోవాలి. ఒకదాన్ని చేతులతో అలాగే పట్టుకుని రెండో కాలిని మెల్లగా అంచు నుంచి కిందికి వదలాలి. వదిలిన తొడ బల్లకు సమాంతరంగా గానీ ఇంకా కిందికి గానీ దిగితే ఇలియోసోయాస్ బాగానే ఉన్నట్టు. తొడ గాల్లో తేలుతూ ఉంటే అది బిగుతుగా ఉండవచ్చు. తొడ దిగినా మోకాలు మడుచుకోకుండా కాలు ముందుకు చాచుకుపోతుంటే రెక్టస్ ఫెమోరిస్‌ది ఆ పని. తొడ బయటి వైపుకు కొట్టుకుపోతుంటే తుంటి పక్కనున్న కండరాన్ని అనుమానించాలి.

ఈ పరీక్షలో ఒక మోసం ఉంది. నడుము బల్ల మీద నుంచి లేస్తే తొడ కిందికి దిగినట్టే కనిపిస్తుంది. నిజానికి దిగింది కటి. నడుము బల్లకు ఆనుకుని ఉండేలా చూసుకోకపోతే ఈ పరీక్ష తుంటి పరిధిని సరిగా కొలవదని 2016లో చూపించారు. అందుకే ఇంకొకరు పక్కన ఉండి నడుము కింద చెయ్యి పెట్టి చూడటం మేలు.

సాగదీతలోనూ అదే మోసం జరుగుతుంది. ఒక మోకాలు నేలకు ఆనించి, రెండో పాదం ముందు పెట్టి చేసే ఆంజనేయాసనం లాంటి భంగిమలో చాలామంది శరీరాన్ని వీలైనంత ముందుకు తోసేస్తారు. నడుము విల్లులా వంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది, తొడ ముందు భాగానికి అందాల్సిన లాగుడు మాత్రం నడుముకు పోతుంది. ముందుకు కదలకుండానే, వెనక కాలి వైపు పిరుదును గట్టిగా బిగించి, బొడ్డు కింది ఎముకను బొడ్డు వైపు పైకి తెచ్చినట్టు కటిని ముడవాలి. అంత చిన్న కదలికకే తొడ పైభాగంలో లాగుడు తెలుస్తుంది. ఆ తర్వాత అంగుళం ముందుకు జరిగితే చాలు. మోకాలి కింద మెత్తటి దుప్పటి మడత వేసుకోవాలి.

ఎంతసేపు అన్న దానికి లెక్క ఉంది. తొడ వెనక కండరంపై 1990లలో చేసిన అధ్యయనాల్లో 30 సెకన్లు ఆపిన ఫలితం 60 సెకన్లతో సమానంగా వచ్చింది, రోజుకు ఒకసారి చేసినా మూడుసార్లు చేసినా తేడా రాలేదు. ఒక కండరానికి వారం మొత్తం మీద కనీసం ఐదు నిమిషాలు పడాలని తర్వాతి సమీక్ష చెప్పింది. రోజూ అరనిమిషం చొప్పున రెండు సార్లు చేస్తే అది దాటిపోతుంది. ఆదివారం ఒక్కరోజే గంటసేపు చేసేవాళ్ల కన్నా ఇలా చేసేవాళ్లకే ఎక్కువ కలిసొస్తుంది. ఆటకు ముందు మాత్రం ఒక్కో కండరాన్ని నిమిషానికి మించి కదలకుండా సాగదీస్తే బలం, వేగం సగటున నాలుగైదు శాతం తగ్గుతాయి కాబట్టి ఆ పని ఆట అయ్యాక పెట్టుకోవాలి.

కొంచెం అలవాటయ్యాక అదే భంగిమలో, నేలకు ఆనిన మోకాలిని ముందుకు ఈడ్చబోతున్నట్టు ఐదారు సెకన్లు బిగించి, వదిలి, ఊపిరి విడుస్తూ ఇంకొంచెం ముందుకు వెళ్లవచ్చు. ఇలా బిగించి వదలడం ఉత్తి సాగదీత కన్నా చాలామందికి త్వరగా పరిధిని ఇస్తుంది.

ఇక అసలు మాట. పూర్తి పరిధిలో చేసే బలం వ్యాయామాలు, సాగదీతలు పరిధిని దాదాపు ఒకేలా పెంచుతాయని 2021లో వచ్చిన సమీక్ష తేల్చింది. సాగదీతకు ఓపిక లేనివాళ్లకు ఇది పెద్ద ఊరట. ఒక కాలు వెనక పెట్టి మోకాలు నేల దాకా దించి లేచే లంజ్‌లు తొడ ముందు కండరాన్ని సాగిన స్థితిలోనే బలపరుస్తాయి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు ముడిచి, పిరుదులు పైకెత్తే సేతుబంధాసనంలో తొడను వెనక్కి తీసుకెళ్లే పిరుదుల కండరం పనిచేస్తుంది. దొరికిన కొత్త పరిధిని వాడుకునే బలం లేకపోతే శరీరం దాన్ని నిలుపుకోదు. సాగదీత ఒక్కటే చేసి, ఆ తర్వాత మళ్లీ పది గంటలు కుర్చీలో కూర్చుంటే జరిగేది అదే. పెద్ద అడుగులతో వేగంగా నడిచే అరగంట నడకను కూడా ఇందులోనే లెక్కవేసుకోవచ్చు.

ఒంటి కింద పెట్టుకుని దొర్లించి కండరాలను నలిపే ఫోమ్ రోలర్ల గురించి కొంచెం. తొడ బయటి వైపు పట్టీలా దిగే ఇలియోటిబియల్ బ్యాండ్‌ను రోలర్‌తో నలిపి పొడవు చేయవచ్చనుకుంటారు. ఆ మందపాటి పొరను ఒక్క శాతం మార్చడానికి కూడా మనిషి చేతులు ఇవ్వగలిగినదాని కన్నా చాలా ఎక్కువ బలం కావాలని 2008లో లెక్కగట్టారు. రోలర్ తర్వాత వచ్చే హాయి నిజమే, అది నాడుల వల్ల వచ్చేది, కాసేపు ఉంటుంది. పొట్ట మీద గట్టి బంతినో కొక్కెం లాంటి పరికరాన్నో పెట్టుకుని సోయాస్‌ను ‘విడుదల’ చేసుకునే పద్ధతి మాత్రం మానుకోవాలి. చర్మానికీ ఆ కండరానికీ మధ్య పేగులు, మూత్రనాళం ఉన్నాయి, పక్కనే పెద్ద రక్తనాళాలు ఉన్నాయి. దాన్ని అందుకోవడానికి అంత లోతుగా నొక్కాల్సిన అవసరం ఏ ఇంట్లోనూ లేదు.

వెనక జేబులో పర్సు

పిరుదు లోతుల్లో పిరిఫార్మిస్ అనే చిన్న కండరం ఉంది. త్రికం ముందు భాగం నుంచి తొడ ఎముక పైన బయటి బొడిపె దాకా అడ్డంగా వెళ్తుంది. కాలిలోకి దిగే పెద్ద నరమైన సయాటిక్ నరం దాని కింది నుంచి బయటికి వస్తుంది, కొద్దిమందిలో ఆ కండరం మధ్యలోంచే వస్తుంది. కార్డులతో ఉబ్బిన పర్సును వెనక జేబులో పెట్టుకుని గంటల తరబడి కూర్చుంటే ఆ పక్క నొక్కుకుని కాలిలోకి నొప్పి దిగవచ్చని 1978లోనే వైద్య పత్రికలో రాశారు. బైకు మీద తిరిగేవాళ్లు, ఆటో, లారీ నడిపేవాళ్లు ముందు పర్సును ముందు జేబులోకి మార్చి చూడాలి. దీనికి ఖర్చు లేదు, రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. వెల్లకిలా పడుకుని ఒక మడమను రెండో మోకాలి మీద పెట్టి, కింది తొడను ఛాతీ వైపు లాక్కోవడం ఈ భాగానికి మంచి సాగదీత. అయితే నొప్పి మోకాలు దాటి పాదంలోకి పోతున్నా, తిమ్మిరి ఉన్నా, దగ్గితే కాలిలోకి లాగుతున్నా కారణం నడుములోని డిస్క్ కావచ్చు. అప్పుడు పిరుదును సాగదీస్తే పని జరగదు, ఒక్కోసారి నరం ఇంకా రేగుతుంది.

తొడ వెనక కండరాలు బిగుతుగా ఉన్నవాళ్లు నేల మీద కూర్చున్నప్పుడు కటి వెనక్కి దొర్లి నడుము గూనిలా వంగిపోతుంది. వాళ్లకు పాతకాలపు భోజనం పీట మంచి పరిష్కారం. రెండు మూడు అంగుళాల ఎత్తు మీద కూర్చుంటే కటి దానంతట అదే నిటారుగా నిలుస్తుంది. యోగా తరగతిలో దుప్పటి మడత పెట్టేది కూడా ఇందుకే.

ఎముక ఒప్పుకోని చోట

కూచిపూడి నేర్చుకునే పిల్లలకు మొదటి రోజుల్లోనే అరమండి చెబుతారు. మోకాళ్లు పక్కలకు తెరుచుకోవాలి, పాదాలు బయటికి తిరగాలి, నడుము నిటారుగా ఉండాలి. ఈ తిరగడమంతా తుంటి కీలులో జరగాలి. తుంటి ఎంత తిరుగుతుందో కండరం ఒక్కటే నిర్ణయించదు. తొడ ఎముక మెడ ముందుకు ఎంత మెలిపడి ఉందో, కటిలోని గిన్నె ఎంత లోతుగా ఉందో, ఎటు తిరిగి ఉందో కూడా నిర్ణయిస్తాయి. పుట్టినప్పుడు ఆ మెలిక 30 నుంచి 40 డిగ్రీలు ఉండి, ఎదిగే కొద్దీ తగ్గుతూ పెద్దయ్యేసరికి సుమారు 15 డిగ్రీలకు వస్తుంది. మెలిక ఎక్కువగా మిగిలిన పిల్లకు కాళ్లు లోపలికి తేలిగ్గా తిరుగుతాయి, బయటికి తిరగవు. ఆ పిల్లను పక్క పిల్లతో పోల్చి ‘ఇంకా తెరువు’ అని తొడలు నొక్కితే, తుంటి ఇవ్వని కోణాన్ని మోకాలూ చీలమండా ఇస్తాయి. మోకాలి లోపలి వైపు నొప్పి, పాదం వంపు కూలిపోవడం అక్కడి నుంచే మొదలవుతాయి. పాదాలు ఎంత తిరిగాయో అన్నది చూడకుండా మోకాలి చిప్ప పాదం వేళ్ల దిక్కుకే ఉందా అని చూసే గురువు ఆ పిల్లకు ఎంతో మేలు చేసినట్టు.

సాగదీస్తే చేరే చివరి చోటు ఎలా ఉందో గమనిస్తే కండరమా ఎముకా అన్నది కొంత తెలుస్తుంది. కండరం ఆపితే సాగుతున్న భాగంలో లాగినట్టు ఉంటుంది. ఎముక ఆపితే సాగే భాగానికి ఎదుటి వైపు, ముఖ్యంగా గజ్జలో, గట్టిగా గుచ్చినట్టు, నొక్కుకున్నట్టు ఉంటుంది. మోకాలిని ఛాతీకి తెచ్చినప్పుడు గజ్జలో గుచ్చుకునే నొప్పిని ‘ఓపెన్’ చేయాలని రోజూ నొక్కేవాళ్లు గిన్నె అంచున ఉండే మెత్తటి వలయాన్ని దెబ్బతీసుకోవచ్చు. పుట్టుకతో కీళ్లు మరీ వదులుగా ఉన్నవాళ్లకు, గర్భిణులకు, తుంటి మార్పిడి చేయించుకున్నవాళ్లకు సాగదీత కన్నా బలం ముఖ్యం. మార్పిడి అయినవాళ్లు ఏ దిక్కున కాలు తిప్పకూడదో సర్జన్‌ను అడిగి తెలుసుకోవాలి.

కొన్ని బిగుతులు అసలు కండరానివి కావు. నలభై లోపు వయసులో, పొద్దున్నే లేవగానే నడుము, పిరుదులు అరగంటకు పైగా బిగుసుకుని, తిరిగితే తగ్గి, పడుకుంటే మళ్లీ పెరుగుతుంటే వెన్ను, కటి కీళ్లు వాచి బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే జబ్బు ఉందేమో కీళ్లవాతం డాక్టర్ (రుమటాలజిస్ట్) చూడాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉంటే ఆలస్యం చేయకూడదు. మన దేశంలో ఇప్పటికీ కీళ్ల క్షయ ఉంది.

వీటన్నిటిలో ఎక్కువగా తప్పిపోయేది తుంటి ఎముక తలకు రక్తం అందకపోవడం, ఏవీఎన్ అని పిలిచేది. ముప్పై, నలభైల్లో ఉన్న మనిషికి గజ్జలో నొప్పి మొదలవుతుంది, మఠం వేసుకోవడం కష్టమవుతుంది, కాలు లోపలికి తిరగదు. కూర్చునే ఉద్యోగం కాబట్టి పట్టేసిందనుకుని సాగదీయడం మొదలుపెడతారు. స్టెరాయిడ్లు ఎక్కువ రోజులు వాడినవాళ్లలో, మద్యం ఎక్కువగా తాగేవాళ్లలో ఇది ఎక్కువ. కోవిడ్ చికిత్సలో స్టెరాయిడ్లు తీసుకున్నవాళ్లలో కూడా మన వైద్యులు దీన్ని చూశారు. తొలి దశలో ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు, ఎమ్మారైలో తెలిసిపోతుంది. ఎముక తల ఇంకా కూలిపోకముందే దొరికితే సొంత కీలును కాపాడే ప్రయత్నానికి వీలుంటుంది. మూడు నాలుగు వారాలు సరిగ్గా సాగదీసినా గజ్జ నొప్పి తగ్గకుండా, కాలు లోపలికి తిప్పితే పెరుగుతూ ఉంటే, ఇక వ్యాయామం మార్చి చూడటం ఆపి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లి, గతంలో వాడిన మందులన్నీ చెప్పి, ఎమ్మారై అవసరమా అని అడగాలి.